రెండో ముద్ద

కరియకూ దీవి చరిత్ర రాసినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు ఎప్పుడు దిగారో రాశారు, ఇంగ్లీషువాళ్ళు వాళ్ళని ఎప్పుడు తరిమారో రాశారు, పత్తి ఎన్నాళ్ళు పండిందీ, నిమ్మతోటలు ఎందుకు ఎండిందీ, జానెట్ తుఫాను ఎవరెవరి ఇంటి కప్పు ఎగరేసుకుపోయిందీ పూసగుచ్చినట్టు రాశారు. కానీ బోగల్స్ ఊళ్ళో అడాల్ఫస్ లెండోర్ అనే పడవల పనివాడు రోజూ అర్ధరాత్రికీ తొలికోడికీ నడుమ ఏదో ఒక వేళ, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, ఏదో ఒకటి నోట్లో వేసుకుని నమిలి మింగి మళ్ళీ పడుకునేవాడన్న సంగతి మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇది విచారించదగ్గ లోపం. ఫ్రెంచివాళ్ళూ వచ్చి పోయారు, ఇంగ్లీషువాళ్ళూ పోతామంటున్నారు. ఈ అలవాటు మాత్రం యాభై ఏడేళ్ళుగా చెక్కుచెదరలేదు.

తుఫాను రాత్రి సంగతే తీసుకోండి. కప్పు లేచిపోయింది. అడాల్ఫస్, అతని భార్య క్లోటిల్డా మంచం కింద దూరి దేవుణ్ణి తలుచుకుంటున్నారు. అంతటి ప్రళయంలోనూ రెండు గంటల ప్రాంతంలో అడాల్ఫస్ కునుకు తీశాడు, అతని కుడి చెయ్యి మంచం కింద నుంచి బయటికి వచ్చి నేల మీద తడుముకుంది. వాన నీళ్ళలో నానిన బిస్కట్టు ఒకటి దొరికింది. తిన్నాడు. ఊళ్ళో ఆ రాత్రి కడుపులోకి ఏమైనా పోయినవాడు అతనొక్కడే.

ఆ బిస్కట్టు అక్కడ ఉండటానికి కారణం క్లోటిల్డా. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఈ అలవాటు మీద ఆలుమగలిద్దరి మధ్య చర్చ ఒక్కసారే జరిగింది, అదీ పెళ్ళైన మూడో రోజున. రాత్రి లేచి ఏదో తిన్నావని ఆవిడ అంది. నేనా అని ఇతను అన్నాడు. అక్కడితో చర్చ ముగిసింది. ఆ సాయంత్రం నుంచీ మంచానికి కుడిపక్క, తిరగేసిన సబ్బుపెట్టె మీద, ఒక సాసర్లో ఒక గట్టి బిస్కట్టు ఉండేది. పొద్దున్నకి ఖాళీ సాసరు ఉండేది. ఎవరు పెట్టారని ఇతను అడగలేదు, ఎవరు తిన్నారని ఆవిడా అడగలేదు. సంసారాలు ఇంతకంటే బలహీనమైన పునాదుల మీద కూడా నిలబడ్డాయి.

పగటిపూట అడాల్ఫస్ వేరే మనిషి. ఒడ్డున కొత్త పడవ తయారైతే దాని చెక్కల సందుల్లో పీచు కూరి తారు పట్టించే పని అతనిది. సన్నగా, పొడుగ్గా, పడవ పక్క చెక్కలాగే కాస్త వంగి ఉండేవాడు. నలుగురిలో తిండి దగ్గర అతనంత నిగ్రహం దీవి మొత్తంలో లేదని పేరు. పెళ్ళి విందులో, పడవ దించే విందులో అందరూ మేకమాంసం కోసం చేతులు చాస్తుంటే ఇతను పళ్ళెం మోకాళ్ళ మీద పెట్టుకుని, రెండు కబళాలు తిని, చాలు అనేవాడు. ఆ పేరు మీదనే, ఇరవై రెండేళ్ళ కిందట, ఊరు అతనికి పెద్దల బల్ల కాపలా అప్పగించింది.

బోగల్స్‌లో మనిషి పోతే పాతిపెట్టడంతో పని అయిపోదు. సమాధి మీద రాయి ఎత్తాలి. అది ఏడాదికి కావచ్చు, ఐదేళ్ళకి కావచ్చు. అప్పటిదాకా పోయినవాళ్ళు పూర్తిగా పోయినట్టు కాదు, వాకిట్లో నిలబడ్డ చుట్టాల్లాంటి వాళ్ళు. రాయి ఎత్తే ముందురోజు సాయంత్రం ఇంట్లో ఒక గదిలో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, ఉప్పు వెయ్యని మొక్కజొన్న సంకటి ముద్దలు, మేకకూర, ఒక గ్లాసు రమ్ము, ఒక గ్లాసు నీళ్ళు పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తారు. పోయినవాళ్ళూ, వాళ్ళకి ముందుపోయిన పెద్దలూ వచ్చి తింటారు. తెల్లారేదాకా మనిషన్నవాడు దాన్ని ముట్టకూడదు. తెల్లారాక తలుపు తీస్తే పిల్లలు విరుచుకుపడి ఊడ్చేస్తారు. ఆ రాత్రంతా ఒక మనిషి బల్లవైపు వీపు పెట్టి, తలుపువైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. పెద్దలు తింటుంటే నోటివైపు చూడటం మర్యాద కాదు కదా.

ఇలాంటి ఉద్యోగానికి జిహ్వచాపల్యం లేనివాడు కావాలి. అడాల్ఫస్‌ని మించినవాడు ఎవరు? ఊరికి తెలియనిది ఏమిటంటే, కాపలా రాత్రుల్లో క్లోటిల్డా అతని కోటు కుడి జేబులో రెండు బిస్కట్లు వేసి పంపేది. ఒకటి అలవాటుకి, ఒకటి ఆపదకి.

పోయిన ఆగస్టులో క్లోటిల్డా చనిపోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. తొమ్మిది రాత్రులు ఊరంతా వాకిట్లో కూర్చుని పాటలు పాడారు, కాఫీ తాగారు, కథలు చెప్పుకున్నారు, పదో రోజు ఎవరి ఇంటికి వాళ్ళు పోయారు. సబ్బుపెట్టె మీద సాసరు అలాగే ఉండిపోయింది, ఖాళీగా. బిస్కట్టు తనే పెట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. పెట్టుకుంటే అలాంటి అలవాటు ఒకటి తనకుందని ఒప్పుకున్నట్టు అవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒప్పుకోని సంగతి, అదీ ఎవరి దగ్గర ఒప్పుకోవాలో ఆ మనిషే పోయాక, ఎవరి ముందు ఒప్పుకుంటాడు? అందుకని రోజూ రాత్రి ఆ చెయ్యి వెళ్ళి ఖాళీ సాసర్ని తాకేది. చల్లగా తగిలేది. దాంతో మెలకువ వచ్చేది. తెల్లారేదాకా అలా పడుకుని ఉండేవాడు.

ఎనిమిది నెలలు ఇలా గడిచాక సిడోనీ ముసలమ్మ రాయి ఎత్తే రోజు వచ్చింది.

సిడోనీ పోయి మూడేళ్ళైంది. ఆవిడకి ఒక్కతే కూతురు, జెఫిరీన్. ఆ పిల్ల పద్నాలుగేళ్ళ కిందట విండ్‌వర్డ్ ఊరి పడవ వడ్రంగిని చేసుకుని బోగల్స్‌లోనే కాపురం పెట్టింది. విండ్‌వర్డ్ వాళ్ళంటే సిడోనీకి గిట్టదు. వాళ్ళు తమ చర్మం రంగు చూసుకుని మురిసిపోతారని, మనవాళ్ళ పడవలకి వంకలు పెడతారని ఆవిడ నమ్మకం. పెళ్ళినాడు చర్చికి రాలేదు. ఊరి మధ్య నిలబడి, నీ చేతి కూడు ఇక ముట్టను అంది. కోపంలో అన్నమాటలు కోపం చల్లారాక కరిగిపోతాయని పెద్దలంటారు. ఆ పెద్దలకి సిడోనీతో పరిచయం లేదు.

పెళ్ళైన మొదటి ఆదివారం నుంచీ జెఫిరీన్ పళ్ళెంలో కూరా సంకటీ పెట్టి, గుడ్డ కప్పి, తల్లి గుమ్మంలో పెట్టి వచ్చేది. సాయంత్రానికి ఆ పళ్ళెం, అదే గుడ్డ, అదే మడతతో, జెఫిరీన్ గుమ్మంలో ఉండేది. పదకొండేళ్ళు. ఒక్క ఆదివారం ఆ పిల్ల మానలేదు, ఒక్క ఆదివారం ఈ తల్లి తినలేదు. రెండు ఇళ్ళకీ మధ్య దూరం నలభై అడుగులు. ఊరంతా చూస్తూనే ఉండేది. మొదట్లో బాధపడ్డారు, తరవాత నవ్వుకున్నారు, చివరికి గడియారానికి బదులు వాడుకున్నారు. సిడోనీ పళ్ళెం తిరిగొచ్చిందంటే నాలుగైందన్నమాట.

అలాంటి సిడోనీ ఈస్టరు ముందు కూతురి కలలోకి వచ్చింది. ఖాళీ పళ్ళెం పట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడిందట, ఏమీ అనలేదట. కలల సంగతి ఊళ్ళో అందరూ టాంటీ, అంటే అత్తా, అని పిలిచే ఫెలీస్ చూస్తుంది. ఎనభై రెండేళ్ళది, పళ్ళు నాలుగే గానీ మాట పదును తగ్గలేదు. విన్న వెంటనే తీర్పు చెప్పింది. "ఆకలేసింది దానికి. మూడేళ్ళు పంతం పట్టింది, ఇక పట్టలేకపోయింది. రాయి ఎత్తవే."

విందు రోజు సాయంత్రం రాయిని తెచ్చి సిడోనీ మంచం మీద పడుకోబెట్టారు. అది ఆచారం. రాయి కింద దిండు పెట్టడం ఆచారం కాదు, జెఫిరీన్ పెట్టింది. తెల్లదుప్పటి మెడదాకా, అంటే మెడ ఉండాల్సిన చోటిదాకా, కప్పింది. పక్కగదిలో పెద్దల బల్ల వేసింది. సంకటి తనే తిప్పింది, ఇంకెవరినీ గరిటె ముట్టనివ్వలేదు. సొరకాయ బుర్రలో నేతితో దొర్లించి ఏడు ముద్దలు చేసి వరసగా పెట్టింది. బయట ఊరి వాయిద్యగాడు కూడ్జో డోళ్ళు బిగించుకుంటున్నాడు. నేల మీద రమ్ము చల్లారు, నీళ్ళు చల్లారు, మేకని చూపించి పేరు పేరునా పెద్దల్ని పిలిచారు.

అడాల్ఫస్ కోటు తొడుక్కుని కాపలాకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఉండగా జెఫిరీన్ టాంటీ ఫెలీస్‌తో మెల్లగా అంటున్న మాట అతని చెవిన పడింది.

"ఒక్క ముద్ద ముట్టుకున్నా చాలు టాంటీ. ఊరికే వేలు పెట్టినా చాలు. ఇంకేం అడగను."

"పెద్దలు ఆవిరే తింటారే పిచ్చిదానా. ముద్దలు ముద్దల్లాగే ఉంటాయి, ఎప్పుడైనా తగ్గాయా?"

"తెలుసు," అంది జెఫిరీన్. "అయినా చూస్తాను."

అడాల్ఫస్ లోపలికి వెళ్ళి, బల్లకి వీపు పెట్టి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కూర్చున్నాక కుడి జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అందులో మేకు ఒకటి, పీచు ముక్క కొంచెం ఉన్నాయి.

ఆ రాత్రి జరిగింది చెప్పుకోడానికి ఎక్కువేమీ లేదు. డోళ్ళు మోగాయి, ఆగాయి. కొవ్వొత్తి సగం అయింది. అడాల్ఫస్ తల వాలింది. కుడి చెయ్యి దానంతట అది కుడిపక్కకి, కొంచెం వెనక్కి, సబ్బుపెట్టె ఉండాల్సిన ఎత్తుకి వెళ్ళింది. ఈసారి ఖాళీ సాసరు తగల్లేదు. మెత్తగా, గుండ్రంగా ఏదో తగిలింది.

నోట్లో ముద్దతో అతనికి మెలకువ వచ్చింది. ఉమ్మేస్తే పెద్దల కూడు నేలపాలు. మింగితే పెద్దల కూడు తన పాలు. రెండు పాపాల మధ్య నిలబడ్డ మనిషి సాధారణంగా రెంటిలో దగ్గరున్నది చేస్తాడు. మింగాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథకి ఇంత అవసరం ఉండేది కాదు. నిద్రలో జరిగిన దానికి దేవుడు కూడా సంజాయిషీ అడగడు.

కానీ ఎనిమిది నెలల తరవాత ఆ మనిషి నోట్లో ఒక ఆడమనిషి ఎవరికోసమో శ్రద్ధగా చేసిన తిండి పడింది. అతను కొవ్వొత్తి వెలుగులో తలుపువైపే చూస్తూ, మర్యాద ప్రకారం వెనక్కి తిరగకుండా, పూర్తి మెలకువతో, చెయ్యి వెనక్కి పెట్టి రెండో ముద్ద తీసుకున్నాడు. సగం తిన్నాడు. అప్పుడు తానేం చేస్తున్నాడో అతనికి తెలిసింది. మిగిలిన సగం తీసుకెళ్ళి దాని చోట్లో పెట్టాడు. ఎంగిలి సగం. నాలుగు వేళ్ళ గుర్తులతో సహా.

తెల్లవారి టాంటీ ఫెలీస్ మొదట లోపలికి వచ్చింది. ముద్దలు చూసింది. వంగి మళ్ళీ చూసింది. ఆవిడ వెనక జెఫిరీన్, వాళ్ళ వెనక గుమ్మం పట్టినంతమంది జనం. ఏడు ఉండాల్సినచోట ఐదున్నర ఉన్నాయి. ఆ అరముద్ద మీద వేళ్ళ ముద్రలు చూసి ఒకావిడ, సిడోనీ వేళ్ళు ఇంత లావుగా ఉండేవా అని సందేహం వెలిబుచ్చింది. మూడేళ్ళు పనీపాటా లేకుండా కూర్చుంటే నీవీ అవుతాయని టాంటీ ఫెలీస్ ఆవిడ నోరు మూయించింది.

జెఫిరీన్ ఏడవలేదు, అరవలేదు. పళ్ళెం తీసుకుని నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"తిన్నది," అంది. "అమ్మ నా చేతి ముద్ద తిన్నది."

అందరూ అడాల్ఫస్ వైపు తిరిగారు. ఏం చూశావురా అని టాంటీ అడిగింది. ఏమీ చూడలేదన్నాడు, వెనక్కి తిరగలేదన్నాడు. పోనీ ఏమైనా విన్నావా అని అడిగింది.

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేల మీద కూర్చున్న జెఫిరీన్ తలెత్తి చూస్తోంది.

"నమిలిన చప్పుడు విన్నాను," అన్నాడు.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అడాల్ఫస్ లెండోర్ జన్మలో ఆడిన అతిపెద్ద అబద్ధం అదే.

ఆ మధ్యాహ్నం రాయి ఎత్తారు. డోళ్ళ ముందు ఖాళీగా వదిలిన వలయంలోకి జెఫిరీన్ దిగింది. పెళ్ళైనప్పటి నుంచీ తల్లి చూస్తుందేమోనని ఎక్కడా ఆడనిది, పావడా అంచులు రెండు చేతులతో పట్టుకుని, నలభై ఏళ్ళ మనిషి, చెప్పులు విడిచి ఆడింది. అడాల్ఫస్ జనం వెనక నిలబడి చూశాడు. కడుపులో ఆ ముద్దన్నర రాయిలా ఉంది.

తరవాతి మూడు వారాల్లో అడాల్ఫస్ ఖ్యాతి సముద్రం దాటింది, అంటే పక్కనున్న చిన్న దీవిదాకా వెళ్ళింది. అతను కూర్చుంటే పెద్దలు ఆవిరితో సరిపెట్టుకోరట, నిజంగానే తింటారట. లెస్టేర్ ఊరి నుంచి ఒకాయన వచ్చి జూన్‌లో మా అమ్మకి నువ్వే కూర్చోవాలన్నాడు. విండ్‌వర్డ్ నుంచి కూడా కబురొచ్చింది, వాళ్ళు బోగల్స్ వాణ్ని దేనికైనా పిలవడం అదే మొదలు. రమ్ము కొట్టు దగ్గర కూడ్జో అందరి ముందూ భుజం మీద చెయ్యి వేశాడు.

"మా నాన్న రాయికి కూడా నువ్వేరా. బతికున్నన్నాళ్ళూ గిన్నె అడుగు చూడందే లేచినవాడు కాదు. నువ్వు కూర్చున్నావంటే ఏడు ముద్దలూ ఖాళీ."

జనం నవ్వారు. అడాల్ఫస్ కూడా నవ్వవలసి వచ్చింది. చెవులు కాలిపోయాయి. గ్లాసు అందుకుని, తాగేముందు నేల మీద చుక్క వంచే అలవాటు ప్రకారం వంచబోయి, ఆ చుక్క ఎవరికి పోస్తున్నాడో తలుచుకుని, గ్లాసంతా ఒలకబోశాడు. పెద్దలంటే ఎంత భక్తి అని మళ్ళీ మెచ్చుకున్నారు.

సిగ్గు కూడా ఆకలి లాంటిదే, రాత్రిళ్ళు లేపుతుంది. పగలు అయితే పనిలో పడేవాడు. ఒక పడవకి ఒకే సందులో రెండుసార్లు పీచు కూరి మేస్త్రీ చేత మాట పడ్డాడు. ఎదురుగా ఎవరైనా పోయినవాళ్ళ పేరెత్తితే పక్కకి తప్పుకునేవాడు. ఒక సాయంత్రం క్లోటిల్డా సమాధి దగ్గరికి వెళ్ళి, చుట్టూ పేర్చిన శంఖాలు సర్ది, చెప్పుకుందామని నోరు తెరిచి ఊరుకున్నాడు. దీవి మొత్తంలో ఆ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేని మనిషి ఆవిడ ఒక్కతే.

ఇదంతా ఒక ఎత్తు. నాలుగో ఆదివారం జరిగింది ఒక ఎత్తు. చర్చి నుంచి వచ్చేసరికి అడాల్ఫస్ గుమ్మంలో గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది. పక్కన జెఫిరీన్ నిలబడి ఉంది.

"ఇన్నాళ్ళూ అమ్మకి పంపేదాన్ని మామా," అంది. "ఇప్పుడు అమ్మ తినేసింది. నీ కాపలాలోనే తిన్నది. ఇక ఆదివారం పళ్ళెం నీది. ఒంటిమనిషివి, ఏం వండుకుంటావు?"

వద్దనే లోపల వెళ్ళిపోయింది. అడాల్ఫస్ పళ్ళెం బల్ల మీద పెట్టి, గుడ్డ తియ్యకుండానే, ఎదురుగా కూర్చున్నాడు. మేకకూర వాసన వస్తోంది. ఆకలేస్తోంది. చెయ్యి రాలేదు. అర్ధరాత్రి తనంతట తాను దొంగతనానికి వెళ్ళిన చెయ్యి పట్టపగలు పిలిచి పెడితే కదల్లేదు. పారెయ్యడానికి మనసొప్పలేదు, పక్కింటి వాళ్ళకి ఇద్దామంటే ఊరంతా తెలుస్తుంది. చివరికి సాయంత్రం పళ్ళెం పట్టుకెళ్ళి, ఆవిడ ఇంట్లో లేని సమయం చూసి, గుమ్మంలో పెట్టి వచ్చేశాడు.

మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఎదురుగా కూర్చున్నాడు. మళ్ళీ పట్టుకెళ్ళాడు. ఈసారి వంగి గుమ్మంలో పెడుతుండగా లోపలి నుంచి జెఫిరీన్ వచ్చింది.

ఆవిడ పళ్ళేన్ని చూసింది. గుడ్డ చూసింది. అదే మడత. పద్నాలుగేళ్ళ కిందటి నుంచీ తెలిసిన మడత. ముఖంలో రంగు దిగిపోయింది. కోపం అయితే అడాల్ఫస్ భరించేవాడు. అది కోపం కాదు.

"నేనేం చేశాను మామా?" అంది.

ఏ పనైనా రోజుల తరబడి వాయిదా వేసినవాడు చివరికి చేసేటప్పుడు సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ పనికిరావు. అడాల్ఫస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నువ్వేం చెయ్యలేదన్నాడు. చేసింది నేనన్నాడు. ఆ రాత్రి తిన్నది మీ అమ్మ కాదు, నేను, అన్నాడు. సబ్బుపెట్టె, సాసరు, బిస్కట్టు, ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరికీ చెప్పని సంగతంతా గుమ్మంలో నిలబడి చెప్పాడు. చెప్తున్నంతసేపూ తన టోపీ లోపలి పట్టీని చూస్తూ చెప్పాడు. అక్కడ చెమట మరక తప్ప ఏమీ లేదు.

జెఫిరీన్ మెట్టు మీద కూర్చుంది.  నలభై అడుగుల దూరంలో తల్లి ఇల్లు కనిపిస్తోంది, అటు చూడలేదు. తరవాత మెల్లగా, ఏదో దారి దొరికినట్టు తలెత్తింది.

"నిద్రలో తిన్నావు కదా మామా."

"ఆఁ."

"నీకు తెలీకుండా."

"ఆఁ."

"అయితే నువ్వు తిన్నట్టు కాదు. వాళ్ళకి చేతులేవీ? ఎవరో ఒకరి చెయ్యి వాడుకోవాలి. నిన్ను నిద్రపుచ్చి నీ చేత్తో అమ్మే తిన్నది. టాంటీని అడిగినా ఇదే చెప్తుంది."

అడాల్ఫస్‌కి టాంటీ ఫెలీస్ అదే చెప్తుందని తెలుసు. ఊరంతా అదే చెప్తుంది. తరవాత పాట కూడా కడతారు. అతనికి కాపలా ఉంటుంది, ఆవిడకి తల్లి ఉంటుంది, ఆదివారం పళ్ళెం ఉంటుంది. అవునని ఒక్క మాట చాలు. అతని అరవై ఏళ్ళ జీవితంలో గౌరవంగా బయటపడే తలుపు అంత బార్లా ఎవరూ తెరవలేదు.

"మొదటిది నిద్రలో," అన్నాడు. "రెండోది మెలకువలో తిన్నాను."

జెఫిరీన్ పళ్ళెం మీది గుడ్డ అంచు సర్దింది.

"తెలిసే తిన్నాను అమ్మాయ్. ఎవరిదో తెలుసు, ఎవరికి పెట్టావో తెలుసు. సాయంత్రం టాంటీతో నువ్వన్నది కూడా విన్నాను. అయినా తిన్నాను."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకి జవాబు ఐదు వారాలుగా వెతుకుతున్నాడు. పెద్ద జవాబు ఏదో ఉంటుందనుకున్నాడు.

"ఆకలేసింది," అన్నాడు.

దారిలో ఎవరో మేకని తోలుకుపోతూ పలకరించారు. ఇద్దరూ జవాబిచ్చారు. మేక మలుపు తిరిగేదాకా ఆగారు. అడాల్ఫస్ తిట్ల కోసం ఎదురుచూశాడు. ఆవిడ తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాడు. అంత దయ అతనికి దొరకలేదు. జెఫిరీన్ పళ్ళెం ఒళ్ళోకి తీసుకుని గుడ్డ విప్పింది. సంకటి ముద్దలు రెండు, చల్లారి, నున్నగా మెరుస్తున్నాయి. వాటిని చూస్తూ, అతన్ని చూడకుండా అడిగింది.

"ఎలా ఉంది?"

"ఏది?"

"ముద్ద. తిన్నావు కదా. ఎలా ఉంది?"

బాగుందనడం మర్యాద. మూడు వారాల ఖ్యాతి, రెండు ఆదివారాల పళ్ళేలు, ఇప్పుడే వదులుకున్న ఆ తెరిచిన తలుపు, అన్నీ కలిసి అతని దగ్గర ఇక అబద్ధానికి ఓపిక మిగల్చలేదు.

"పైన బాగానే ఉంది," అన్నాడు. "లోపల పచ్చి."

"పచ్చా?"

"పిండి ఉడకలేదు. మధ్యలో పొడిపొడిగా తగిలింది."

జెఫిరీన్ ఒక ముద్దని మధ్యకి విరిచింది. లోపల రంగు కొంచెం తెల్లగా ఉంది. అక్కడ నుంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. వండేటప్పుడు గరిటె అంచున ఉన్నది నాలుక మీద వేసి చూసేదేమో గానీ, ముద్ద నడుమ నుంచి తీసి తినడం అదే మొదలులా నెమ్మదిగా నమిలింది. అడాల్ఫస్ టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. కూర్చోమని ఆవిడ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

"అమ్మకి పచ్చిపిండి పడేది కాదు," అంది చివరికి. "కడుపులో నొప్పి వచ్చేది. నా చిన్నప్పుడు పొయ్యి దగ్గర నుంచి లేపేసేది. నీకు నిదానం లేదే, నీ చేతిది నేను తినలేనే అనేది."

 పదకొండేళ్ళ ఆదివారాలు ఒక్కొక్కటీ ఆవిడ కళ్ళ ముందు నుంచి పోతున్నట్టు అడాల్ఫస్‌కి అనిపించింది. సగం విరిచిన ముద్దని చేతిలో పట్టుకుని తల్లి ఇంటివైపు చూసింది.

"ఈ పిండి తిరగలిలో విసిరింది, మిల్లుది కాదు," అంది. "దీనికి ఇంకో పావుగంట ఉడుకు కావాలి."